గర్భిణులకు పది సూత్రాలట!

"గర్భిణీ స్త్రీలకు మన పూర్వీకుల పది సూత్రాలు" అనే మెసేజ్ నాకు పంపిన బంధుమిత్రులందరికీ నమస్కారం. దయచేసి ఇంక పంపకండి. ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి తెలుగువాళ్ళ గ్రూపులన్నిట్లో తిరిగింది, పాతపట్నం చుట్టాల గ్రూపులో తిరిగింది. చివరికి బరంపురంలో ఉండే మా పిన్ని "మంచి విషయాలమ్మా, నీ మరదలికి చూపించు" అని వాయిస్ మెసేజ్ కూడా జతచేసి పంపింది. మా మరదలికి ఆరో నెల. నేను చూపించే పని లేకపోయింది. ఆ పిల్ల అప్పటికే చదివేసి, సాయంత్రం నడక మానేసి మంచం ఎక్కింది.

ఆ మెసేజ్ చూడని అదృష్టవంతులకు క్లుప్తంగా చెబుతాను. నెల తప్పిన దగ్గర్నుంచి నడక తగ్గించి పడుకోవాలి. ఏడో నెల రాగానే గొంతుక్కూర్చుని ఇల్లంతా తుడవాలి, సిజేరియన్ తప్పుతుంది. చేతులు పైకెత్తకూడదు, బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది. పాలలో కుంకుమపువ్వు తాగితే తెల్లగా పుడుతుంది. గ్రహణం నాడు కదలకూడదు. కాన్పుకు ముందు బిడ్డ కోసం ఏమీ కొనకూడదు. పుట్టిన బిడ్డకు పాత బట్టలే వాడాలి. ముర్రుపాలు పిండి పారబోసి, నాలుకకు తేనె రాయాలి. పదోది: ఇది పదిమందికి పంపితే సుఖప్రసవం.

మొదటి రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఆరు నెలలు అడుగు తీసి అడుగు వెయ్యని మనిషి, ఏడో నెల మొదటి రోజున లేచి గొంతుక్కూర్చుని ఇల్లంతా తుడవాలి. ఇది రాసినవాళ్ళు తడిగుడ్డ ఎప్పుడైనా పట్టుకున్నారా అని నా అనుమానం.

నడిస్తే గర్భం "జారిపోతుంది" అన్న భయం కొత్తది కాదు. మొదటి మూడు నెలల్లో గర్భం పోతే ఇంట్లో వెంటనే వెతికేది, ఆ పిల్ల ఎక్కడికి నడిచింది, ఏ మెట్లెక్కింది, ఏ బరువెత్తింది అనే. అలా పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. మెట్ల తప్పు కాదు, ఆ పిల్ల తప్పు అంతకన్నా కాదు. పడుకుంటే గర్భం నిలుస్తుందని తేలలేదు. నెలల తరబడి మంచానికి అతుక్కుపోతే మాత్రం కండరాలు నీరసిస్తాయి, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఆ ప్రమాదం మామూలుకన్నా ఎక్కువగానే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వేరే ఇబ్బంది లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలని ఉంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల నడక. వేగం ఎంత ఉండాలంటే, నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడటానికి మాత్రం ఊపిరి చాలకూడదు. ఎప్పుడూ నడవనివాళ్ళు పది నిమిషాలతో మొదలుపెట్టొచ్చు. మన ఎండలకు పొద్దున్న ఏడులోపు ముగిస్తే మంచిది. నాలుగైదు నెలలు దాటాక వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు మానాలి, ఎందుకంటే గర్భాశయం బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. పడిపోయే అవకాశం ఉన్నవేవీ వద్దు. పాకుడు పట్టిన బావిగట్టు కూడా ఆ లెక్కలోదే.

నడవకూడనివాళ్ళు లేరా అంటే ఉన్నారు. మాయ కిందికి ఉన్నవాళ్ళు, గర్భసంచి మూతి ముందే వదులవుతున్నవాళ్ళు, బీపీ పెరిగి వాపులు వచ్చినవాళ్ళు, ఉమ్మనీరు పోతున్నవాళ్ళు, రక్తం మరీ తక్కువున్నవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు. ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో వాళ్ళకు డాక్టరే చెబుతారు. మిగతావాళ్ళు కూడా నడుస్తుండగా రక్తం కనిపించినా, నీరు కారినా, తల తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక పిక్క మాత్రం వాచి నొప్పిపెట్టినా ఆగిపోయి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక్కడ ఇంకో సంగతుంది. ఆ మెసేజ్ ఎవరితో మాట్లాడుతోందో దానికే తెలియదు. రాజవీధి దగ్గర అపార్టుమెంటులో పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే పిల్లకు నడక కావాలి. మహేంద్రగిరి వైపు కొండ దిగి కట్టెలమోపు తెచ్చుకుని, బోరింగు దగ్గర బిందె నింపుకుని మళ్ళీ ఎక్కే మనిషికి కావాల్సింది నడక కాదు, ఆ బిందె అందుకునే ఇంకో చెయ్యి. ఇంటిచాకిరీని వ్యాయామం ఖాతాలో వేసే తెలివి మన ఇళ్ళలో బాగా ఉంది. "తుడువమ్మా, నీకే మంచిది" అనే అత్తగారు కొడుకు చేతికి గుడ్డ ఇవ్వరేం? ఆయన పొట్టకు కూడా మంచిదే కదా.

చురుగ్గా ఉన్నవాళ్ళలో సిజేరియన్లు కొంచెం తక్కువని అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. గొంతుక్కూర్చోవడం హాయిగా ఉంటే ఏదో ఒకటి పట్టుకుని కూర్చుని లేవండి, తప్పులేదు. కానీ బిడ్డ అడ్డం తిరిగి ఉంటే, మాయ దారికి అడ్డంగా ఉంటే, బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంటే నేల ఎంత మెరిసినా ఆపరేషన్ తప్పదు. సిజేరియన్ అయిన పిల్లతో "నువ్వు సరిగ్గా తుడవలేదు" అనే మనుషుల్ని తయారుచెయ్యడం తప్ప ఈ సూత్రం సాధించేది ఏమీ లేదు.

చేతులు పైకెత్తడం గురించి: బొడ్డుతాడు మెడకు చుట్టుకునేది బిడ్డ లోపల గింగిరాలు తిరగడం వల్ల. నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో అలా ఉంటుంది. చాలావరకు ఏ హానీ లేకుండా డాక్టరో నర్సో వేలితో తప్పించేస్తారు. దండెం మీద బట్టలు ఆరేసుకోండి.

గ్రహణం: వద్దు, నా చేత మాట్లాడించకండి. కుంకుమపువ్వు: దాని ధర చూశారా?

ఇప్పుడు నాలుగోది. నిజానికి ఈ ఉత్తరమంతా దీనికోసమే. మిగతావాటిలో చాలావాటిని చదివి నవ్వుకుని వదిలేసినా మనిషి ప్రాణానికి పెద్దగా ఏమీ కాదు. ఇది అలా కాదు.

ఐరన్ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుట్టడు. చర్మం రంగు అమ్మానాన్నల నుంచి వచ్చేది, మాత్రల షీటులోంచి వచ్చేది కాదు. ఈ భయం బహుశా ఇంకో దగ్గర పుట్టి ఉంటుంది. మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు విరేచనం నల్లగా వస్తుంది. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది, అంతే. అది చూసి జడిసిన పిల్ల ఎవరికో చెబుతుంది, వాళ్ళు లోపల బిడ్డను ఊహించుకుంటారు. అయినా జగన్నాథుడికి దండం పెట్టనిదే పొద్దు గడవని ఊళ్ళో నలుపంటే ఈ హడలేమిటో నాకు అర్థం కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క, 7 కన్నా తగ్గితే ప్రమాదం. కాన్పులో అర లీటరుకు దగ్గరగా రక్తం పోవడం మామూలే. 11 ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. 6 ఉన్న మనిషికి అంతకన్నా ఒక గ్లాసు ఎక్కువ పోయిందా, కథ మారిపోతుంది. అందులోనూ మన గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మలేరియా ఉంది, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉంది. రెండూ రక్తాన్ని తినేవే. సికిల్ సెల్ పరీక్ష చేయించుకోని గర్భిణి ఉంటే ఈ వారమే చేయించుకోవాలి. ఆ జబ్బున్నవాళ్ళకు ఐరన్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పాల్సిన మాట. దోమతెర సంగతి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఆశా దీదీ ఇచ్చే ఆ ఎర్ర మాత్ర రోజుకొకటి చొప్పున గర్భంలో 180 రోజులు, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. డబ్బులు కట్టక్కర్లేదు. కానీ ఎన్ని ఇళ్ళలో ఆ షీట్లు బియ్యం డబ్బా వెనక చెక్కు చెదరకుండా ఉన్నాయో నేను చూశాను. అడిగితే "వికారంగా ఉంటుందక్కా" అంటారు. ఉంటుంది, నిజమే. పరగడుపున పడకపోతే రాత్రి భోజనం అయ్యాక వేసుకుని పడుకోండి. టీతోనూ పాలతోనూ వేసుకోకండి, ఒంటికి పట్టదు. నిమ్మరసం నీళ్ళతో బాగా పడుతుంది. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర కలిపి ఒకేసారి మింగకండి, ఒకటి పగలు, ఒకటి రాత్రి. మలబద్ధకం చేస్తే నీళ్ళు, ఆకుకూర, ఇందాక చెప్పిన నడక. అయినా పడకపోతే దీదీకి చెప్పండి, వేరే మాత్ర ఉంటుంది, ఇంజెక్షన్ ఉంటుంది. బియ్యం డబ్బా వెనక పెట్టడం మాత్రం వైద్యం కాదు.

ఈ మెసేజ్ మన వైపు ఇంతలా ఎందుకు పాకిందో కూడా చెప్పాలి. దీదీ ఇచ్చే తల్లీబిడ్డల కార్డు ఒడియాలో ఉంటుంది. పలాస నుంచో టెక్కలి నుంచో ఇక్కడికి కోడలిగా వచ్చిన పిల్లకు ఒడియా అక్షరం రాదు. మమతా దివస్ నాడు, అంటే తల్లీబిడ్డలకు ఆరోగ్య పరీక్షలు చేసే రోజున, అంగన్‌వాడీలో దీదీ చెప్పింది సగమే అర్థమవుతుంది, మిగతా సగానికి సిగ్గుపడి తలూపుతుంది. ఇంటికొచ్చి ఫోను తెరిస్తే శుభ్రమైన తెలుగులో, గులాబీ పువ్వుల మధ్య, పది సూత్రాలు. ఏది నమ్ముతుంది? గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళోనే ఉండి జనం భాషలో రాయండర్రా అని పోరాడారు. ఆ సదుపాయం చివరికి ఎవరు వాడుకుంటున్నారో చూడండి. ఒడియా చదవడం వచ్చిన మావయ్యలు, బావలు ఫార్వర్డ్ నొక్కే బదులు ఓ పావుగంట కూర్చుని ఆ కార్డు చదివి పెట్టొచ్చు.

కాన్పుకు ముందు ఏమీ కొనకూడదన్నది మీ నమ్మకమైతే నాకు పేచీ లేదు. ఉయ్యాల, గజ్జెలు తర్వాతే కొనండి. సంచి సర్దడం మాత్రం కొనడం కాదు. ఎనిమిదో నెలకల్లా ఒక సంచిలో కార్డు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ముందు తెరుచుకునే నైటీలు, ప్యాడ్లు, బిడ్డకు టోపీ, మేజోళ్ళు ఉండాలి. పురిటికి పుట్టింటికి, అంటే బోర్డరు దాటి శ్రీకాకుళం వైపు వెళ్ళేవాళ్ళయితే కార్డూ రిపోర్టులూ ఇక్కడ బీరువాలో పెట్టి వెళ్ళకండి. నెప్పుల మధ్య అక్కడి డాక్టరు "హిమోగ్లోబిన్ ఎంత, బ్లడ్ గ్రూపు ఏమిటి" అని అడిగితే "పర్లాకిమిడిలో ఉంది" అనేది జవాబు కాదు. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరితో ముందే మాట్లాడి ఉంచండి. బండి రాని కొండ ఊళ్ళవాళ్ళు నెప్పులు మొదలయ్యేదాకా ఆగకుండా, కొన్ని రోజుల ముందే వచ్చి "మా గృహ" అనే ప్రభుత్వ గర్భిణుల వసతి ఇళ్ళలో ఉండొచ్చు, అవి ఉన్నదే అందుకు.

ఇక ఎనిమిదో సూత్రం, పాత బట్టలు. ఒప్పుకుంటున్నాను, మెసేజ్ చెప్పిందే సరైనది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్కకు మించింది పసిబిడ్డ ఒంటికి లేదు. షాపులో జిగేల్‌మనే నైలాన్ లేసు గౌన్లకన్నా అమ్మమ్మ చీరే నయం. ఇంకోసారి ఉతికి, మంచి ఎండలో ఆరేసి, మడతపెట్టి ఆ సంచిలో పెట్టండి. ఎండ తగలని పెట్టెలోంచి నేరుగా తీసి చుట్టకండి, అంతే.

మిగిలింది ముర్రుపాలు. పసుపుపచ్చగా చిక్కగా వస్తాయని అవి చెడ్డపాలని పిండి పారబోస్తారట. బిడ్డకు రోగాలను తట్టుకునే శక్తి ఇచ్చేవే అవి. పుట్టిన గంటలోపు పట్టాలి. కొన్ని చుక్కలే వస్తున్నాయని బెంగ వద్దు, మొదటి రోజు బిడ్డ కడుపుకు ఆ చుక్కలే చాలు. సిజేరియన్ అయినా పట్టొచ్చు, కాస్త పట్టుకునే మనిషి పక్కనుండాలి.

తేనె సంగతి. తేనెలో ఒక రకం బాక్టీరియా గింజలు ఉండొచ్చు. పెద్దవాళ్ళను అవి ఏమీ చెయ్యవు. పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, బిడ్డ మెడ వాల్చేస్తుంది, పాలు తాగలేదు, ఊపిరి కూడా తీసుకోలేకపోవచ్చు. అరుదే, కానీ వేలిమీద చుక్క కోసం ఆ జూదం దేనికి? "మా అందరికీ రాశారు, మేం బతకలేదా" అని అడిగే పిన్నిగారికి: బతికారు, చాలా సంతోషం. మా మరదలి బిడ్డకు ఏడాది నిండనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం, కావాలంటే తేనె సీసా నేనే కొని బరంపురం పంపిస్తాను.