తలుపుకి గడియ పెట్టండి

విజయవాడలో రోజంతా జనం కిటకిటలాడే ఒక ప్రాంగణంలోని మహిళల మరుగుదొడ్డి అది. లోపల వరసగా ఆరు తలుపులు. మూడో తలుపుకి గడియ ఊడిపోయి చాలా కాలమైనట్టుంది. అది ఉండాల్సిన చోట రూపాయి బిళ్లంత కన్నం మిగిలింది. ఆ కన్నంలోంచి ఎవరో పాత చున్నీ ముక్క దూర్చి ముడి వేశారు. లోపలికి వెళ్లినవాళ్లు ఆ ముక్కని ఒక చేత్తో లాగి పట్టుకుని కూర్చోవాలి. కాలేజీ పిల్లలైతే ఇద్దరిద్దరుగా వస్తారు. ఒకరు లోపల, ఇంకొకరు బయట తలుపుకి వీపు ఆనించి కాపలా. మా విలేకరి అక్కడున్న కాసేపట్లోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఐదు రూపాయలు తీసుకుని, తలెత్తి మొహం చూసి, "ఇటు కాదు, అటెళ్లు" అని మగవాళ్ల వైపు చెయ్యి చూపించాడు. అటు నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే నవ్వుతున్నారు. ఆవిడ డబ్బులు కూడా తిరిగి అడక్కుండా రోడ్డు మీదికి వెళ్లిపోయింది.

ఈ రెండు సంగతుల్నీ మనం విడదీసి మాట్లాడుకుంటున్నాం. చున్నీ కట్టిన తలుపు ఆడవాళ్ల సమస్య అంటున్నాం, వెనక్కి తిరిగి వెళ్లిపోయిన మనిషిది ట్రాన్స్‌జెండర్ల సమస్య అంటున్నాం. ఒకరికి మేలు చేస్తే ఇంకొకరికి కీడు జరుగుతుందన్నట్టు వాదనలు నడుస్తున్నాయి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో, తమ సమానత్వ చట్టంలో 'మహిళ' అన్న మాటకి పుట్టుకతో వచ్చిన లింగమే ఆధారమని తీర్పు ఇచ్చాక అక్కడ ఏ తలుపు ఎవరిదన్న గొడవ మరింత ముదిరింది. ఆ గొడవ ఫోన్లలోంచి మన దాకా వచ్చి, మన ఊరి గొడవే అన్నట్టు వినిపిస్తోంది. మన ఊరి పరిస్థితి వేరు. ఇక్కడ ఆడవాళ్లకే సరిపడా మరుగుదొడ్లు లేవు. ఉన్నవాటిలో చాలావాటికి గడియలు పడవు. ట్రాన్స్‌జెండర్ల వల్ల ఆడవాళ్ల మరుగు పోతోందనడం తప్పని మా అభిప్రాయం. ఆ మరుగు ఇంకా ఎవరికీ పూర్తిగా దక్కలేదు. కట్టేటప్పుడు సరిగ్గా కడితే ఇద్దరికీ దక్కుతుంది.

మరుగుదొడ్డి అన్న మాటలోనే మరుగు ఉంది. మన అమ్మమ్మల కాలంలో పల్లెల్లో ఆడవాళ్లు తెల్లవారకముందో, పొద్దుగూకాకో చెంబు పట్టుకుని గుంపుగా వెళ్లేవాళ్లు. వాళ్లకి చీకటే గోడ. పగలంతా ఓర్చుకోవాలి. పట్నం వచ్చాక గోడలు లేచాయి గానీ ఓర్చుకోవడం పోలేదు. గుంటూరు చుట్టుపక్కల మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలని అడగండి, పనిలోకి వచ్చేరోజు పొద్దున నీళ్లు ఎంత తాగుతారో చెబుతారు. ట్రాన్స్‌జెండర్ మహిళల్ని అడిగినా అదే జవాబు వస్తుంది. బయటికి వెళ్లే పనుంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తారు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు ఇద్దరికీ మామూలైపోయాయి. మే నెల ఎండలో బెజవాడలో నీళ్లు తాగకుండా తిరగడం ఎంత ప్రమాదమో ఈ ఊరివాళ్లకి చెప్పాల్సిన పని లేదు.

చట్టంలో లోటు పెద్దగా లేదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో మన సుప్రీంకోర్టులో జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె.సిక్రీల ధర్మాసనం ట్రాన్స్‌జెండర్లకి ఆస్పత్రుల్లో వైద్యం, ప్రత్యేక ప్రజా మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలని ఆదేశించింది. సామూహిక మరుగుదొడ్లలో ఏ వైపు వెళ్లాలో వాళ్లే ఎంచుకోవచ్చని 2017లో స్వచ్ఛ భారత్ గ్రామీణ మార్గదర్శకాలు చెప్పాయి. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, అందరూ వెళ్లే బహిరంగ స్థలానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని రానివ్వకుండా అడ్డుకోవడాన్ని నేరంగా పెట్టింది. ఆ చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనలు ఆస్పత్రి వార్డులు, మరుగుదొడ్ల వంటి వసతులకి రెండేళ్ల గడువిచ్చాయి. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. మన రాష్ట్ర హైకోర్టు కూడా 2025 జూన్‌లో, పిల్లల్ని కనలేరన్న కారణంతో ట్రాన్స్ మహిళని మహిళ కాదనలేమని స్పష్టం చేసింది. అమరావతిలో చెప్పిన ఆ మాట కృష్ణ దాటి మరుగుదొడ్డి బల్ల దగ్గర కూర్చున్న మనిషి దాకా ఇంకా రాలేదు.

ఇక ఆడవాళ్ల భయం గురించి. ఈ విషయంలో ట్రాన్స్‌జెండర్ల పక్షాన మాట్లాడే కొందరు మిత్రులతో మాకు పేచీ ఉంది. భయపడే ఆడవాళ్లని వెనకబడ్డ మనుషులని కొట్టిపారేయడం మాకు నచ్చదు. 2024 ఆగస్టులో కృష్ణా జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలున్నాయన్న అనుమానంతో అమ్మాయిలు రాత్రంతా రోడ్డెక్కారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. అయినా ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో తల్లిదండ్రులకి నిద్ర పట్టలేదో మాకు తెలుసు. షాపులో బట్టలు వేసుకుని చూసుకునే గదిలోకి వెళ్లగానే అద్దం వెనకా, సీలింగ్ మూలల్లోనూ వెతకడం ఇవాళ మన ఆడపిల్లలకి అలవాటైపోయింది. అంత టెన్షన్‌లో బతుకుతున్నవాళ్లకి నీ భయం తప్పు అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ భయం ఎవరి వల్ల వచ్చిందో కూడా చూడాలి. గోడకీ కప్పుకీ మధ్య వదిలేసిన జానెడు సందులోంచి ఫోన్ పెట్టేవాడి వల్ల వచ్చింది. వెంటిలేటర్‌కి అద్దం లేకపోవడం వల్ల, బల్బు కాలిపోయినా మార్చకపోవడం వల్ల వచ్చింది. చాటుగా చూడటం, వీడియో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. చేసింది మగవాడైనా, ఆడవేషం వేసుకొచ్చిన మగవాడైనా శిక్ష పడాలి, అందులో మినహాయింపు ఉండకూడదు. ఆ సందు మూస్తే ట్రాన్స్ మహిళకీ రక్షణే. నిజానికి ఆమె మీద కన్నేసేవాళ్లు, మగవాళ్ల వైపు వెళ్తే చెయ్యి వేసేవాళ్లు ఇంకా ఎక్కువ.

భయం కాకుండా ఇబ్బంది అన్నది మరొకటి ఉంది. పెనమలూరు నుంచో తాడేపల్లి నుంచో వచ్చిన ఒక యాభై ఏళ్ల ఇల్లాలు వాష్‌బేసిన్ దగ్గర పక్కన ట్రాన్స్‌జెండర్ మహిళని చూసి ఒక్క క్షణం వెనక్కి తగ్గితే ఆమెని తప్పుపట్టలేం. ఆమెకి అలవాటు లేదు, అంతే. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైన దగ్గర్నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లతో పాటు ట్రాన్స్‌జెండర్లూ ఉచితంగా ప్రయాణిస్తున్నారు. మొదట్లో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడ్డవాళ్లని చూశాం. ఇప్పుడు అదే సీట్లో కూర్చుని పూలు ఎంతకి కొన్నావని అడుగుతున్నవాళ్లనీ చూస్తున్నాం. గడియ పడే తలుపు, నేల నుంచి పైదాకా గోడ ఉంటే ఇద్దరు మనుషులు ఎదురుపడేది చెయ్యి కడుక్కునే చోటే. ఆ కాస్త ఇబ్బంది రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. గోడ సగానికి కట్టి వదిలేస్తే మాత్రం అలవాటు కావడానికి వీల్లేదు.

పుట్టినప్పుడు రాసిన లింగం ప్రకారమే పంపాలని కొందరు అంటారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆచరణలో ఏమవుతుందో ఆలోచించారా? ఆడపిల్లగా పుట్టి, మగవాడిగా బతుకుతున్న ట్రాన్స్ పురుషులు మన మధ్యే ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, చూసి గుర్తుపట్టలేం కాబట్టి. గడ్డం, మీసం, గట్టి గొంతు ఉన్న అలాంటి మనిషిని పుట్టుక సర్టిఫికెట్ పేరుతో ఆడవాళ్ల వైపు పంపితే లోపల ఎవరికి ధైర్యంగా ఉంటుంది? ఇంతకీ ఆ సర్టిఫికెట్ అడిగేదెవరు? ఐదు రూపాయల బల్ల దగ్గర కూర్చున్న మనిషికి ఎవరి ఒంటి సంగతీ అడిగే అధికారం ఇవ్వకూడదు. కాస్త పొడవుగా, పొట్టి జుట్టుతో ఉన్న మామూలు అమ్మాయిలు కూడా అక్కడ నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ హక్కు తలుపుకి ఇటువైపు నిలబడ్డవాళ్లకీ ఉంది.

ట్రాన్స్‌జెండర్లకి విడిగా మూడో గది కట్టేస్తే సరిపోతుందన్నది అధికారులకి నచ్చే దారి. కావాలనుకునేవాళ్లకి అది ఉండాలి, సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. కానీ అందులోకే వెళ్లాలని బలవంతం చేస్తే, ఆ తలుపు తీసిన ప్రతిసారీ తానెవరో ఊరందరికీ చాటింపు వేసుకున్నట్టే. ఇంటి దగ్గర, ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేదు, ఇక్కడ చెప్పుకోవాలా? పైగా తక్కువమంది వాడే గది ఏమవుతుందో అందరం చూశాం. తాళం పడుతుంది, చీపుళ్లు, బ్లీచింగ్ బస్తాలు చేరతాయి. ఢిల్లీ మెట్రో 2021లో దివ్యాంగుల మరుగుదొడ్లని ట్రాన్స్‌జెండర్లు కూడా వాడుకోవచ్చని ప్రకటించింది, తాము గుర్తించుకున్న వైపు వెళ్లే వీలునీ అలాగే ఉంచింది. ఆ రెండో భాగం మనవాళ్లు గమనించాలి. బలవంతం లేని మూడో గది మంచిదే. వయసుమళ్లిన తల్లిని తీసుకొచ్చిన కొడుకుకీ, చిన్న కూతురితో వచ్చిన తండ్రికీ కూడా అదే ఆసరా.

ఆస్పత్రుల్లో సంగతి ఇంకా నలుగుతోంది. ఓపీ చీటీ మీద పాత పేరు, ఎదురుగా చీరలో మనిషి. ఆ పేరు గట్టిగా పిలిచిన క్షణంలో వరండా అంతా తల తిప్పి చూస్తుంది. జ్వరంతో వచ్చిన మనిషి చీటీ అక్కడే పారేసి వెళ్లిపోతే, మళ్లీ వచ్చేది రోగం ముదిరాకే. పేరుకి బదులు నంబర్ పిలిస్తే పైసా ఖర్చు లేదు. వార్డులో ఏ మంచం ఇవ్వాలన్నది ఆ మనిషిని పక్కకి పిలిచి అడగాలి, ప్రతి మంచానికీ చుట్టూ తెర ఉండాలి. ఆ తెర బాలింతకీ, ఆపరేషన్ అయిన ముసలావిడకీ ఎప్పుడో ఉండాల్సింది. హాస్టళ్లలో నలుగురు కలిసి పడుకునే గది విషయం కష్టమైనదే, అక్కడ గదిలో ఉండేవాళ్ల ఇష్టం కూడా అడగాలి. స్నానాల గది లోపలే ఉన్న విడి గదులు కొన్నైనా పెట్టుకుంటే ఎవరినీ గేటు బయటికి పంపక్కర్లేదు.

ఇప్పుడే మాట్లాడాల్సిన పని ఒకటుంది. 2028లో కృష్ణా పుష్కరాలు. 2016లో పన్నెండు రోజులు దుర్గాఘాట్ నుంచి పద్మావతి ఘాట్ దాకా ఎంత జనమొచ్చారో ఈ ఊరికి గుర్తుంది. తడిచీరతో మెట్లెక్కి వచ్చిన ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది దగ్గర రద్దీ చూసి, అక్కడే ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే మూడో మనిషి దాని చాటున మార్చుకునేది. ఎవరో, ఏ ఊరో తెలియని ఆడవాళ్లు కూడా చీర కొంగు పట్టుకుని అటు తిరిగి నిలబడేవాళ్లు. పుష్కరాలకి ట్రాన్స్‌జెండర్లూ వస్తారు, వాళ్లకీ పితృదేవతలున్నారు, దుర్గమ్మ మీద భక్తి ఉంది. అందరినీ కలిపి తోసే రేకుల షెడ్డు ఒకటి వేసేసి, ఆ రోజున ఎవరు లోపలికి రావాలి ఎవరు రాకూడదని కానిస్టేబుల్‌తో తేల్చుకోమంటే గొడవ ఖాయం. అదే షెడ్డుని గడియ ఉన్న చిన్న చిన్న అరలుగా కడితే ఆ ప్రశ్నే రాదు. ఖర్చు కాస్త పెరుగుతుంది. టెండర్లు పిలవకముందు డ్రాయింగ్‌లో గీత మార్చడం తేలిక, కట్టాక పగలగొట్టడం కష్టం.

విజయవాడ, గుంటూరు రెండూ నగరాల శుభ్రతకి ర్యాంకులిచ్చే 2024-25 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూపర్ స్వచ్ఛ లీగ్ నగరాలుగా నిలిచాయి. మాకూ అది గర్వమే. ఆ పేరు తెచ్చిన కమిషనర్లు, ఇంజినీర్లు, పారిశుద్ధ్య కార్మికులు ఈ పనీ చేయగలరు. డ్వాక్రా సంఘాల మహిళలనీ, ట్రాన్స్‌జెండర్ సంఘాల వాళ్లనీ, దివ్యాంగులనీ ఒకే రోజు కలిపి పిలవండి. ఆఫీసులో మీటింగ్ వద్దు. నగరంలోని ప్రతి ప్రజా మరుగుదొడ్డికీ వాళ్లతో కలిసి నడిచి, ఏ తలుపు పడదో, ఏ గోడ ఎత్తు చాలదో, ఏ బల్బు వెలగదో అక్కడే రాసుకోండి. బల్ల దగ్గర కూర్చునే మనుషులకి ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి, లోపలికి వచ్చే మనిషిని ప్రశ్నలు వేయకూడదని, ఎవరైనా చెయ్యి చేసుకున్నా, ఫోన్ ఎత్తినా వెంటనే పోలీసుని పిలవాలని. ఆ నడకకి మా విలేకరి కూడా వస్తారు. చున్నీ కట్టిన తలుపు ఏ ప్రాంగణంలో ఉందో ఆయనకి తెలుసు, మొదట అక్కడికే తీసుకెళ్తారు.