సైనికుడు చనిపోతే అక్కడ ఎవరూ ప్రశ్నించరట! ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మళ్ళీ అదే వీడియో తిరుగుతోంది. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి మెయిన్ రోడ్డు, రెండు పక్కలా జనం, మధ్యలో జెండా కప్పిన శవపేటికతో మెల్లగా పోయే నల్ల కారు, ఎవరూ మాట్లాడరు. దాని కింద తెలుగులో పెద్ద మెసేజ్. సారాంశం ఏంటంటే, పరాయి దేశంలో సైనికుడు చనిపోతే బ్రిటన్, అమెరికాల్లో ప్రభుత్వమే ఇంత ఘనంగా వీడ్కోలు ఏర్పాటు చేస్తుందట, అది వాళ్ళకి వందల ఏళ్ళ సంప్రదాయమట, ప్రధానో ప్రెసిడెంటో స్వయంగా వచ్చి నిలబడతారట, ప్రతిపక్షం నోరెత్తదట, కన్నవాళ్ళు కూడా ఎందుకు చనిపోయాడు ఎలా చనిపోయాడు అని అడగరట, మన దగ్గర మాత్రం అడుగుతారు కాబట్టి మనకి సైనికుడంటే గౌరవం లేదట.

వీడియో నిజమే. దాని కింద రాసింది మాత్రం ఒక్కో ముక్కా తప్పే, అందులో చివరి ముక్క తప్పు మాత్రమే కాదు, చనిపోయినవాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకి అన్యాయం కూడా. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ప్రభుత్వం ఏర్పాటు చేసిందన్న మాట ముందు చూద్దాం. ఆ ఊరు వూటన్ బాసెట్, విల్ట్‌షైర్ కౌంటీలో ఉంది. 2007లో బ్రైజ్ నార్టన్ ఎయిర్‌బేస్‌లో రన్‌వే పనులు మొదలవడంతో ఇరాక్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చే పార్థివదేహాల విమానాలని లైనమ్ ఎయిర్‌బేస్‌కి మళ్ళించారు, అక్కడి నుంచి పోస్ట్‌మార్టమ్ కోసం ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలో ఈ ఊరు తగిలింది, అంతే. మొదట్లో ఊళ్ళో ఉన్న కొంతమంది మాజీ సైనికులు ఆ కార్లు పోవడం గమనించి రోడ్డు పక్కన నిలబడి సెల్యూట్ చేశారు. వాళ్ళని చూసి షాపులవాళ్ళు, ముసలాళ్ళు, పనిమీద పోయేవాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. ఏ మంత్రీ సర్క్యులర్ పంపలేదు, ఎవరూ బస్సుల్లో జనాన్ని తోలలేదు.

వాళ్ళు చేసింది ఎంత మామూలుగా ఉంటుందో చూడండి. చర్చి గంట మోగుతుంది, షాపుల్లోవాళ్ళు పని ఆపి బయటికొస్తారు, కారుకి ముందు అంత్యక్రియల సంస్థ మనిషి పొడుగు టోపీతో నడుస్తూ వస్తాడు, యుద్ధ స్మారకం దగ్గర కారు ఆగుతుంది, మాజీ సైనికులు పట్టుకున్న జెండాలు కిందికి వాలుతాయి. కుటుంబంవాళ్ళు ముందుకొచ్చి కారు పైన పూలు పెడతారు, కొందరు అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోతారు. ఒకటి రెండు నిమిషాలు. స్టేజీ లేదు, మైకు లేదు, ఉపన్యాసం లేదు. 2007 నుంచి 2011 దాకా 167 సార్లు, 345 మంది కోసం ఇలా నిలబడ్డారు ఆ ఊరివాళ్ళు. వానొచ్చినా నిలబడ్డారు. చివర్లో 2011లో రాణిగారు ఆ ఊరి పేరు ముందు రాయల్ అని చేర్చారు, అంటే ప్రభుత్వ గుర్తింపు జనం వెనకాల వచ్చింది గానీ ముందు రాలేదు. ఆ ఊరివాళ్ళ గొప్పతనాన్ని తీసుకెళ్ళి ప్రభుత్వం ఖాతాలో వేస్తే ఎలా?

వందల ఏళ్ళ సంప్రదాయం అన్నది ఇంకా పెద్ద తప్పు. మొదటి ప్రపంచయుద్ధంలో శవాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి వీల్లేదని బ్రిటిష్ ప్రభుత్వమే నిషేధం పెట్టింది, డబ్బున్నవాడైనా లేనివాడైనా పడిన చోటే పాతిపెట్టాల్సిందే. రెండో ప్రపంచయుద్ధంలోనూ అదే పద్ధతి, మన కోహిమాలో, ఇంఫాల్‌లో ఉన్న యుద్ధ శ్మశానాలు అందుకే ఉన్నాయి, వాళ్ళ పిల్లల సమాధులు ఇక్కడే ఉండిపోయాయి. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధం అయ్యాకే, కావాలంటే ఇంటికి తెస్తాం అని కుటుంబాలని అడగడం మొదలైంది.

ప్రెసిడెంట్ స్వయంగా వస్తారన్న మాటకి వద్దాం. విదేశాల్లో చనిపోయిన అమెరికా సైనికుల పేటికలు దిగేది డెలవేర్ రాష్ట్రంలో డోవర్ ఎయిర్‌బేస్‌లో. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి 2009 దాకా అక్కడ ఫోటోలు తియ్యడానికి మీడియాని రానివ్వలేదు. కుటుంబాల ప్రైవసీ కోసం అన్నారు, కానీ వరసగా దిగుతున్న పేటికల్ని జనం చూస్తే యుద్ధం మీద మనసు విరిగిపోతుందన్న భయమే అసలు కారణం అని అప్పట్లోనే చాలామంది అన్నారు, నేనూ అదే నమ్ముతా. 2004లో కువైట్‌లో కార్గో కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే ఒకావిడ విమానంలో పేర్చిన పేటికల ఫోటో తీస్తే అది పేపర్లో పడింది, ఆవిడ ఉద్యోగం పోయింది. జార్జ్ బుష్ కుటుంబాలని విడిగా కలిసేవాడు గానీ ఎనిమిదేళ్ళలో పేటికలు దిగేటప్పుడు డోవర్‌కి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. 2009 ఫిబ్రవరిలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ నిషేధం ఎత్తేసి, ఫోటో తియ్యాలా వద్దా అన్నది కుటుంబం ఇష్టానికి వదిలేశారు, అదే ఏడాది అక్టోబర్లో ఒబామా అర్ధరాత్రి వెళ్ళి నిలబడ్డారు. నాయకుడు పేటిక దగ్గర నిలబడటం అక్కడ ఎప్పుడూ ఉన్న ఆనవాయితీ అయితే అదంత పెద్ద వార్త ఎందుకవుతుంది?

ప్రతిపక్షం మాట్లాడదట. 2009 జులైలో అఫ్గానిస్తాన్‌లో 24 గంటల్లో ఎనిమిది మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు, ఆ ఎనిమిది పేటికలు వూటన్ బాసెట్ మీదుగానే వెళ్ళాయి, వేలమంది వచ్చారు. సరిగ్గా అదే వారాల్లో పార్లమెంటులో సరిపడా హెలికాప్టర్లు ఎందుకు లేవు అని ప్రతిపక్ష నాయకుడు డేవిడ్ కామెరాన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్‌ని నిలదీశాడు. సాక్షాత్తు ఆర్మీ చీఫ్ జనరల్ డానట్ అఫ్గానిస్తాన్‌లో పర్యటిస్తూ, నేను అమెరికా హెలికాప్టర్లో తిరుగుతున్నానంటే మనకి హెలికాప్టర్ లేకే అని బాహాటంగా అన్నాడు. ఎవరూ ఆయన్ని దేశద్రోహి అని బోనులో నిలబెట్టలేదు. ఆ అక్టోబర్లో పార్లమెంటు మళ్ళీ కూడినప్పుడు బ్రౌన్ వేసవి నుంచి చనిపోయిన 37 మంది పేర్లు వరసగా చదివాడు. పేర్లు చదవడమూ నిలదియ్యడమూ ఒకే సభలో జరిగాయి, ఒకటి ఇంకోదానికి అడ్డం రాలేదు.

ఇక కుటుంబాలు అడగవన్న మాట. నాకు నిజంగా కోపం తెప్పించింది ఇదే.

ఇంగ్లండ్‌లో అలా తెచ్చిన ప్రతి సైనికుడి మరణం మీదా కరోనర్, అంటే మరణానికి కారణం తేల్చే అధికారి, బహిరంగ విచారణ చేస్తారు, కుటుంబం అక్కడ కూర్చుని ప్రశ్నలు వెయ్యొచ్చు, అది వాళ్ళ హక్కు. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధం మొదలైన నాలుగు రోజులకే ఒక ట్యాంక్ దళం సార్జెంట్ కాల్పుల్లో చనిపోయాడు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు అందరికీ సరిపోలేదని ఆయన జాకెట్‌ని అంతకు కొద్ది రోజుల ముందే వేరేవాళ్ళకి ఇప్పించారు. కిట్ సరిగ్గా లేదని ఆయన రికార్డ్ చేసి పెట్టుకున్న ఆడియోని భార్య బయటపెట్టింది, మూడేళ్ళకి పైగా వదలకుండా పోరాడింది, చివరికి 2006లో కరోనర్, కనీస సామగ్రి లేకుండా సైనికుడిని యుద్ధానికి పంపడం క్షమించరానిది అని తేల్చేశాడు. కరోనర్ల ఇలాంటి మాటలు ఎంత గుచ్చుకున్నాయంటే, తీర్పుల్లో "తీవ్ర వైఫల్యం" లాంటి పదాలు కరోనర్లు వాడకుండా చూడండి అని రక్షణ శాఖ కోర్టుకెళ్ళింది, 2008లో హైకోర్టు కుదరదు పొమ్మంది.

స్నాచ్ ల్యాండ్‌రోవర్ సంగతి ఇంకా ఘోరం. ఉత్తర ఐర్లాండ్ వీధుల కోసం తయారుచేసిన పల్చటి కవచం బండ్లు, వాటిని రోడ్డు పక్క బాంబులుండే ఇరాక్‌కీ అఫ్గానిస్తాన్‌కీ పంపారు, వాటిలో 30 మందికి పైగా చనిపోయారు, సైనికులే వాటిని కదిలే శవపేటికలు అన్నారు. కుటుంబాలు కేసు వేస్తే, యుద్ధంలో జరిగినవాటికి మామీద కేసు వెయ్యలేరు అని ప్రభుత్వం వాదించింది. 2013లో సుప్రీంకోర్టు వెయ్యొచ్చు అంది. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్‌లో జరిగిన బహిరంగ విచారణ తర్వాత 2016లో వచ్చిన చిల్కాట్ రిపోర్ట్ కూడా ఆ బండ్లు మార్చడంలో జరిగిన ఆలస్యాన్ని తప్పుపట్టింది. 2017లో రక్షణ మంత్రి ఒక తల్లికి క్షమాపణ ఉత్తరం రాశాడు, కొడుకు పోయిన పన్నెండేళ్ళకి. ఆ తల్లి అడగకపోయుంటే ఆ ఉత్తరం వచ్చేదా?

అమెరికాలో ప్యాట్ టిల్‌మన్ కథ చాలామంది విన్నదే. లక్షల డాలర్ల ఫుట్‌బాల్ కాంట్రాక్టు వదులుకుని సైన్యంలో చేరినవాడు, 2004 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. శత్రువుతో పోరాడుతూ నేలకొరిగాడని మెడల్ ఇచ్చారు, టీవీలో లైవ్‌గా సంతాప సభ పెట్టారు. సొంత దళం తూటాలకే పోయాడని ఇంట్లోవాళ్ళకి చెప్పింది నెల దాటాక. ఆయన యూనిఫాం, జాకెట్ అక్కడే కాల్చేశారు. వాళ్ళమ్మ ఫైళ్ళు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగితే, 2007లో కాంగ్రెస్ విచారణలో తమ్ముడు కూర్చుని సైన్యం తమకి అబద్ధం చెప్పిందని సాక్ష్యం చెప్పాడు. ఈ ఫార్వర్డ్ రాసినాయన లెక్కలో ఆ తల్లి, ఆ తమ్ముడు కొడుకునీ అన్ననీ అవమానించినట్టా?

మన సంగతి. మన దగ్గర గౌరవం తక్కువైన సందర్భం లేదని నేననను, ఉంది, కానీ ఫార్వర్డ్ చెప్పిన కారణం వల్ల కాదు. 1987లో శ్రీలంకకి మన శాంతి సేన వెళ్ళింది. అక్టోబర్లో జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ దళం 30 మందిలో 29 మంది చనిపోయారు. మొత్తం 1,100 మందికి పైగా తిరిగి రాలేదు. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. శ్రీలంక తమిళుల మీద సేన దౌర్జన్యాలు చేసిందన్న ఆరోపణలే ఆయన చెప్పిన కారణం, ఆ ఆరోపణలు చిన్నవి కావు, కానీ సైన్యాన్ని పంపిన నిర్ణయం ఢిల్లీది, దిగిన జవానుది కాదు. ఆ తర్వాత ఏం జరిగింది? చిల్కాట్ లాంటి బహిరంగ విచారణ జరగలేదు. చాలామంది దేహాలు ఇంటికే రాలేదు, అక్కడే దహనం చేసేశారు. వాళ్ళకి కొలంబో దగ్గర స్మారకం ఉంది, ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం గోడ మీద పేర్లు చెక్కింది మాత్రం 2019లో. అంటే దాదాపు ముప్పై ఏళ్ళు. ఎక్కువ ప్రశ్నలు అడిగి వాళ్ళని మర్చిపోయామా, అసలు అడగనే అడగక మర్చిపోయామా?

వీడియో పంపుకోండి, నేనూ పంపుతా. కింద ఉన్న మెసేజ్ మాత్రం తీసేసి పంపండి, వీలైతే ఆ ఊరి పేరు రాయండి.