భుజం దెబ్బతిన్నాక విల్లు మారిస్తే అది మోసమా?

సంక్రాంతికి మా బావ మిషిగన్ నుంచి విజయవాడ పటమటలో మా ఇంటికి వచ్చాడు. స్నానం చేసి డాబా ఎక్కి, తువ్వాలు దండెం మీద వేయడానికి కుడి చెయ్యి ఎత్తబోయి, భుజం ఎత్తు దాకా వచ్చాక ఆగిపోయాడు. ఎడమ చేత్తో ఆరేశాడు. నేను చూస్తున్నానని గమనించి, "ఇంకా పూర్తిగా లేవట్లేదురా" అన్నాడు.

కిందటి చలికాలం మంచు మీద జారి చేతి మీద పడ్డాడు. రొటేటర్ కఫ్ చిరిగింది. భుజం కీలును చుట్టూ పట్టి ఉంచే నాలుగు కండరాల, వాటి స్నాయువుల గుంపు అది, ఆయనకు చిరిగింది పైదాని స్నాయువు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. పదేళ్లుగా అక్టోబర్ వస్తే చాలు, చక్రాలు బిగించిన కాంపౌండ్ విల్లు పట్టుకుని జింకల వేటకు వెళ్లే మనిషి ఆయన. అక్కడ లైసెన్సు తీసుకుని వెళ్తే అది చట్టబద్ధమే, అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 దాకా విల్లుతో వేట, ఆ మర్నాటి నుంచి తుపాకుల సీజన్. ఈసారి క్రాస్‌బో, అంటే తుపాకీలా పట్టి మీట నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు, కొంటానని చెబితే తోటి వేటగాళ్లలో ఒకాయన "అది విలువిద్య కాదు, తుపాకీకి తాడు కట్టడం" అన్నాడట. ఆ మాట బావకి బాగా గుచ్చుకుంది. చిన్నప్పుడు నేను విజయవాడలో కొన్నేళ్లు కాంపౌండ్ నేర్చుకున్నానని తెలుసు కాబట్టి, "నువ్వేమంటావ్?" అని నన్నడిగాడు.

మార్చేయమన్నాను. ఎందుకో చెబుతాను.

కాంపౌండ్ విల్లులో చక్రాలుంటాయి కదా, బలం అక్కర్లేదు అనుకుంటారు చాలామంది. 60 పౌండ్ల విల్లంటే తాడు లాగడానికి సుమారు 27 కిలోల బలం కావాలి. తాడు పూర్తిగా వెనక్కి వచ్చాక చక్రాలు భారాన్ని మోస్తాయి, 80 శాతం తగ్గే విల్లయితే ఐదున్నర కిలోలే పట్టి ఉంచాలి, నిజమే. కానీ ఆ ఐదున్నర దగ్గరికి చేరాలంటే ముందు మొత్తం 27 కిలోల గుండా రావాలి, అదీ మోచెయ్యి భుజం ఎత్తుకు లేచి వెనక్కి వెళ్లే భంగిమలో. కుట్లు వేసిన స్నాయువుకు అంతకంటే కష్టమైన పని ఇంకొకటి దొరకదు. బలం తగ్గించి లాగొచ్చు కదా అంటారు. తగ్గించొచ్చు, కానీ చాలా రాష్ట్రాల్లో జింక వేటకు విల్లు కనీసం 35 లేదా 40 పౌండ్లు ఉండాలన్న నియమం ఉంది, అది ఊరికే పెట్టింది కాదు, బలం చాలని బాణం జంతువును చంపకుండా గాయపరిచి వదిలేస్తుంది. ఎడమ చేత్తో లాగడం నేర్చుకునేవాళ్లూ ఉన్నారు. దానికి వేరే విల్లు కొనాలి, గురి చూసే కన్ను మారాలి, చెయ్యి మళ్లీ అఆల దగ్గర మొదలుపెట్టాలి, ఇవన్నీ ఒక్క వేసవిలో తేలే పనులు కావు.

క్రాస్‌బోలో తాడు ముందే లాగి కొక్కేనికి తగిలించి ఉంటుంది. జింక వచ్చాక చేసేది గురి చూసి మీట నొక్కడమే. అయితే ఇక్కడ భుజం బాగోనివాళ్లు పొరబడే చోటు ఒకటుంది. క్రాస్‌బో తాడు లాగడానికి కావలసిన బలం చూస్తే 175 పౌండ్లు, దాదాపు 80 కిలోలు. కింది రికాబులో పాదం పెట్టి, కొక్కేలున్న తాడుతో రెండు చేతులా పైకి లాగితే అందులో సగం పడుతుంది, అంటే 40 కిలోలు, బావిలోంచి రెండు నిండు బిందెలు ఒకేసారి తోడినట్టు. ఒక చెయ్యి బలహీనంగా ఉంటే తాడు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వస్తుంది, బాణం పక్కకు పోతుంది. అందుకే బావకి చెప్పాను, కొంటే తాడు బిగించడానికి తిప్పే మర ఉన్నదే కొను, అది కొద్ది కిలోల బలంతో తిరుగుతుంది, డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చెయ్యి అని. ఇంకో సంగతి, విల్లును ముందువైపు పట్టిన చెయ్యి బొటనవేలు తాడు జారే దారిపైకి వచ్చిందంటే తాడు దూసుకొచ్చినప్పుడు వేలు దక్కదు. బాణం పెట్టకుండా మీట నొక్కితే విల్లే విరగొచ్చు. సాయంత్రం జింక రాకపోతే బిగించిన తాడును ఊరికే దించలేం, చాలా రకాల్లో ఒక బాణాన్ని మెత్తటి లక్ష్యంలోకి వదిలి ఖాళీ చేయాలి. ఇవన్నీ తెలిసినవాడు దీన్ని సుఖమైన ఆయుధం అనడు.

ఇక "అది విలువిద్య కాదు" అన్న మాట సంగతి. మన ఊరివాళ్లం ఆ మాట అంత తేలిగ్గా అనకూడదు. అమెరికాలో హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన 1960లలో విల్లుకు చక్రాలు బిగిస్తే, పాతకాలపు విలుకాళ్లు ఇదే ఆక్షేపణ చేశారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి కాంపౌండ్ వచ్చింది 1995లో, ఆసియా క్రీడల్లోకి 2014లో, ఒలింపిక్స్‌లోకి రాబోతున్నది 2028లో, అదీ మిక్స్‌డ్ టీమ్ ఒక్కటే. ఇంతకాలం గుమ్మం బయట నిలబెట్టిన అదే చక్రాల విల్లుతో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. అది విద్య కాదని ఎవరైనా అంటే ఈ ఊళ్లో ఊరుకుంటారా? చేతులు లేకుండా పుట్టిన శీతల్ దేవి పాదంతో విల్లు పట్టి, భుజంతో లాగి, దవడతో వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. శరీరం ఎక్కడ సహకరిస్తే అక్కడి నుంచి గురి చూడొచ్చని ఆ ఆట నియమాలే ఒప్పుకున్నాయి.

క్రాస్‌బో మీద ఏవగింపు పాతదే. 1139లో రోమ్‌లో చర్చి పెద్దలు కూడిన లాటరన్ మహాసభ దాన్ని క్రైస్తవుల మీద వాడకూడదని నిషేధించింది. 1199లో ఇంగ్లండ్ రాజు రిచర్డ్ భుజంలో క్రాస్‌బో బాణం దిగి, ఆ గాయం కుళ్లి చనిపోయాడు. ఏళ్ల తరబడి సాధన చేసిన విలుకాడికీ కొద్ది వారాలు నేర్చిన సిపాయికీ తేడా చెరిపేసిందన్నది దాని మీద ఉన్న కోపాల్లో ఒకటి. అమెరికాలో కూడా చాలాచోట్ల ఒకప్పుడు విల్లుల సీజన్‌లో దాన్ని అనుమతించింది డాక్టర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే, అంటే సరిగ్గా మా బావలాంటివాళ్లకే. తర్వాతే ఒక్కో రాష్ట్రం అందరికీ తెరిచింది. ఒరెగాన్‌లో అయితే వేటకు దాన్ని అసలు ఒప్పుకోరు.

ఆక్షేపించేవాళ్ల మాటలో నిజం లేదని మాత్రం అనను. విల్లుతో వేటలో అసలు కష్టం జింక ఇరవై గజాల్లోకి వచ్చాక, అది తల తిప్పిన క్షణం చూసుకుని, దాని కంట పడకుండా తాడు లాగడం. క్రాస్‌బోతో ఆ క్షణం పోతుంది. బావ కూడా దాన్నే తలుచుకుని బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆ క్షణం కోసం నొప్పితో వణికే చేత్తో లాగితే బాణం గుండె ఊపిరితిత్తుల దగ్గర కాక కడుపులో దిగుతుంది, ఆ జంతువు రాత్రంతా పొదల్లో పడి చస్తుంది. వేటగాడి పట్టుదలకు జింక ఎందుకు బాధపడాలి? ఇంద్రకీలాద్రి మీద జరిగిందని మనం చెప్పుకునే కథలో అర్జునుడూ కిరాతుడూ కొట్టుకున్నది పంది ఎవరి బాణానికి పడిందనే. ఎవరి విల్లు ఎలాంటిదని కాదు.

పండక్కి పల్నాడు నుంచి వచ్చిన మా పెదనాన్న ఇదంతా విని, "అల్లుడూ, మాకూ ఒకటి తెచ్చిపెట్టు, మొక్కజొన్నంతా పందుల పాలే" అన్నాడు. ఆయన కడుపుమంట నాకు తెలుసు. కానీ ఇక్కడ లెక్క వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, చంపడమే కాదు, చంపే ప్రయత్నమూ, ఉచ్చు పెట్టడమూ నేరమే. అడవిపంది కూడా ఆ రక్షణ జాబితాలో ఉంది. పంట పోతుంటే అటవీ శాఖకు అర్జీ పెట్టుకోవాలి, వాళ్ల అనుమతి లేకుండా ఏ ఆయుధం పట్టినా కేసే. చేను చుట్టూ కరెంటు తీగలు లాగితే పందులతో పాటు మనుషులూ పోతున్నారు, అది అంతకంటే ఘోరం. మన దగ్గర క్రాస్‌బోకు అట్ట మీద గీసిన గుండ్రాలు తప్ప వేరే లక్ష్యం ఉండకూడదు.

బావ విషయంలో నాకున్న భయం దూరం గురించి. ఆ పెట్టె మీద సెకనుకు 350, 400 అడుగుల వేగం అని రాసి ఉంటుంది, బైనాక్యులర్ లాంటి అద్దం బిగించి ఉంటుంది, ఇంకేముంది, డెబ్బై గజాల నుంచి కొట్టొచ్చు అనిపిస్తుంది. 350 అడుగుల వేగంతో 40 గజాలు దాటడానికే బాణానికి సెకనులో మూడో వంతు పడుతుంది. తాడు చప్పుడు సెకనులో పదో వంతులోనే జింక చెవిన పడుతుంది, క్రాస్‌బో చప్పుడు విల్లు కంటే పెద్దది కూడా. ఉలిక్కిపడి దూకడానికి అది ముందు కిందికి కుంగుతుంది, ఊపిరితిత్తులకు చూసిన గురి వెన్ను మీదికి పోతుంది.

సాయంత్రం ఇద్దరం గేటు దగ్గర నుంచి వీధి మలుపులో వేపచెట్టు దాకా అడుగులు కొలిచాం. ఇరవై ఎనిమిది గజాలు వచ్చింది. "ఇంతకు మించి వద్దు బావా" అన్నాను. ఆయన ఆ చెట్టు వైపే చాలాసేపు చూసి, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని, "పాత విల్లుతోనూ నేను ఇంత దూరంలోనే కొట్టేవాణ్ణి" అన్నాడు.