ఇంజిన్ రూములో డ్యూటీ ఎవరిది?

నెత్తిమీద నుంచి తూటాలు పోతుండగా కాలాన్ని ఆపే బటన్ ఒకటి చేతికిచ్చి, నిజంగా ఆపాల్సిన చోట దాన్ని పనిచేయనివ్వని మహానుభావుడెవడో నాకు కనబడితే, తీసుకొచ్చి మా మామయ్యగారి పక్కన సోఫాలో కూర్చోబెడతాను. అంతకు మించిన శిక్ష ప్రస్తుతానికి నాకు తట్టడం లేదు.

ఆట మాస్ ఎఫెక్ట్ 2 అనే వీడియో గేమ్. 2010లో వచ్చింది. నేను దానికి మెరుగులు దిద్ది 2021లో వదిలిన లెజెండరీ ఎడిషన్‌ని, అదీ డిస్కౌంట్ పెట్టాక కొనుక్కున్నాను. కంప్యూటర్ని హాల్లో టీవీకి తగిలించి ఆడుతుంటాను. మామయ్యగారు కాజీపేట లోకో షెడ్డులో సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మోకాలు చూపించుకోవడానికి వచ్చారు. "నాన్నకి తోచడం లేదు, మీ ఆటేదో చూపించండి" అని మా ఆవిడ వంటింట్లోంచే ఆర్డరు పాస్ చేసింది.

కథ చెప్పమన్నారు. కమాండర్ షెపర్డ్ అనే ఆయన 2183లో తన అంతరిక్ష ఓడ పేలిపోయి చనిపోతాడు, సెర్బెరస్ అనే సంస్థ రెండేళ్ళు కష్టపడి మళ్ళీ బతికిస్తుంది, 2185లో లేచి కూర్చుంటాడు అని చెప్పాను. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండేళ్ళు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదన్నమాట. మరి జీతం, పెన్షన్?"

ఈ కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు. నిజానికి ఆటలో కూడా అదే గొడవ. లేచిన దగ్గర్నుంచి షెపర్డ్ కనబడిన ప్రతివాళ్ళకీ నేను బతికే ఉన్నానని చెప్పుకోవాల్సి వస్తుంది. ప్రతి నవంబరులో బ్యాంకు కౌంటర్ దగ్గర వేలిముద్ర పడక నిలబడే మామయ్యగారికి ఆ క్షణం నుంచి షెపర్డ్ సొంత మనిషైపోయాడు.

యుద్ధం కూడా ఆయనకి నచ్చింది. షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే అన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. మన వెంట ఉండేది ఇద్దరే. ఎవర్ని ఎక్కడికి పంపాలి, ఎవడి మీద ఏం వేయాలి, తీరిగ్గా చూసుకోవచ్చు. షీల్డు ఉన్నవాడి మీద ఓవర్‌లోడ్, కవచం ఉన్నవాడి మీద ఇన్సినరేట్, బయోటిక్ అనే శక్తితో అల్లిన తెర ఉన్నవాడి మీద వార్ప్. తప్పుది వేస్తే వాడికేమీ కాదు, మనకే టైమ్ దండగ. "ఫాల్ట్‌ని బట్టి రిపేరు. మా కుర్రాళ్ళకి ముప్ఫై ఏళ్ళు మొత్తుకున్నా ఎక్కలేదు" అని మెచ్చుకున్నారు. ఓడ ఇంజిన్ డీజిలా, కరెంటా అని కూడా అడిగారు. ఎలిమెంట్ జీరో అనే పదార్థంలోకి కరెంటు పంపిస్తే ఓడ బరువు తగ్గిపోతుందని చెప్పాను. బరువు తగ్గించే ఇంజిన్ ఉంటే కాజీపేట నుంచి బల్లార్షా దాకా గూడ్సులకి ఎంత హాయో కాసేపు చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కల్లా మాటల దగ్గర వచ్చింది. ఈ ఆటలో ఎవరైనా మాట్లాడితే జవాబులు చక్రంలాగా తెర మీదకొస్తాయి. సాధారణంగా పైనున్నది మంచిగా మాట్లాడే జవాబు, కిందది దురుసుది. మిరాండా అనే ఆవిడ షెపర్డ్ దగ్గర రెండో స్థానంలో ఉండే ఆఫీసరు. ఆవిడ గదికి వెళ్ళినప్పుడల్లా నేను ఏదో ఒకటి నొక్కి బయటపడదామనుకుంటే, వెనక నుంచి గొంతు వినిపించేది. "పైది నొక్కు బాబూ. ఆడపిల్లతో మర్యాదగా మాట్లాడాలి." మామగారు చెప్పాక కిందది నొక్కే అల్లుడు ఎవడుంటాడు? పైదే నొక్కాను. ఆవిడ చెల్లెలి విషయంలో సాయం చేయమంటే పైది. మనసు విప్పి మాట్లాడితే పైది. "చూశావా, మర్యాదకి ఎంత విలువో" అని మామయ్యగారు సంబరపడిపోయారు కూడా. ఆ మర్యాద ఎటు వెళ్తోందో నాకు కొంచెం అనుమానం ఉంది. ఆయనకి ఎలా చెప్పను?

ఆట చివరికొస్తోంది. అత్తయ్యగారు పకోడీల పళ్ళెంతో అప్పుడే హాల్లోకి వచ్చారు. తెర మీద షెపర్డ్ ఓడ నార్మండీ ఇంజిన్ రూము. వెనకాల నీలంగా వెలుగుతున్న పెద్ద గోళం. షెపర్డ్, మిరాండా. ఇద్దరూ మాట్లాడుకోవడం ఆపేశారు.

నా వేలు దానంతటదే షిఫ్ట్ మీదకి వెళ్ళింది. ఏమీ ఆగలేదు. మళ్ళీ నొక్కాను. మిరాండా చెయ్యి తన డ్రెస్సు జిప్పు దగ్గరికి వెళ్ళింది. రాకెట్లు దూసుకొస్తుంటే మధ్యలో ఆగుతాయి, నిప్పు మధ్యలో ఆగుతుంది, మనిషంత మరమనిషి గాల్లోనే ఆగుతాడు. జిప్పు మాత్రం ఆగదట! టపటపా కొట్టాను షిఫ్ట్‌ని.

షిఫ్ట్‌ని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక సదుపాయం మేలుకుంటుంది. రెండు కీలు ఒకేసారి నొక్కలేనివాళ్ళకి అది చాలా అవసరం, కాదనను. కానీ దాన్ని పిలవడానికి కంగారుపడ్డ ప్రతివాడూ చేసే పనినే సంకేతంగా పెట్టాలా? టీవీ స్పీకర్లలో కీచుమని కూత. అప్పటిదాకా కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని పకోడీ ఏరుకుంటున్న మామయ్యగారు ఆ కూతకి తలెత్తి, కళ్ళజోడు సర్దుకుని, తెర వైపు శ్రద్ధగా చూశారు. స్టిక్కీ కీస్ ఆన్ చేయమంటారా అని సరిగ్గా మధ్యలో ఒక పెట్టె. ఆ పెట్టె కాస్త పెద్దదైనా నా పరువు దక్కేది. మిరాండా మొహం ఒక్కటే కప్పింది.

అత్తయ్యగారు పళ్ళెం టీపాయ్ మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. రిమోట్ మామయ్యగారి తొడ కింద ఉంది. ఆయన్ని లేవమనాలి, ఆయన మోకాలు బాగాలేదు.

కొంతసేపటికి గొంతు సవరించుకున్నారు.

"బాబూ, అది రన్నింగులో ఉన్న ఇంజినే కదా?"

"అవునండీ."

"కరెంటు పారుతోందన్నావు."

"అవునండీ."

"మరి డ్యూటీ స్టాఫ్ ఎక్కడ?"

ఆ ఇంజిన్ చూసుకోవడానికి కెన్, గ్యాబీ అని ఇద్దరు ఇంజనీర్లు ఉంటారని చెప్పడం నా ఖర్మ. అప్పటినుంచి ఇంట్లో ఇదే ఎంక్వైరీ. తెర మీద జరిగినదాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. లైవ్ ఇంజిన్ దగ్గర చేతికి గ్లవ్స్ లేవు, కాళ్ళకి బూట్లున్నాయో లేదో కనబడలేదు, అదీ ఆయన బాధ. రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ "ఏం చూపించారేంటి మా నాన్నకి?" అని గుడ్లురిమింది. ఆయనే అడ్డం పడి "అల్లుడి తప్పేం లేదమ్మా, సూపర్‌విజన్ లోపం" అన్నారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పైది నొక్కమన్నది ఎవరో కనీసం ఆ పూటైనా ఒప్పుకుంటారని చూశాను. పప్పు వడ్డించుకున్నారు.

ఈ పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ ఎత్తారు. ఇలాంటి కేసుకి రైల్వేలో చిన్న శిక్షలకి ఇచ్చే ఎస్ఎఫ్-11 చాలదట, పెద్ద శిక్షలకి ఇచ్చే ఎస్ఎఫ్-5 చార్జిషీటే వెయ్యాలట. సాయంత్రం ఆరింటికి ఆట పెట్టమన్నారు. కెన్, గ్యాబీల స్టేట్‌మెంట్ తీసుకోవాలట.