క్షమించమని చెప్పడానికి మీరెవరు?

ఇప్పుడే జరిగింది, కోపం ఇంకా దిగలేదు. చెల్లిని అడిగే రాస్తున్నాను.

మాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ ఇంటికి వచ్చారు. బల్ల మీద చెల్లి మాత్రలు చూశారు. ఒకతను చేసిన ఘోరం వల్ల చెల్లి మనసుకు తగిలిన గాయానికి డాక్టరు రాసిన మాత్రలు అవి. "ఇంకా ఇవి మింగుతున్నావా అమ్మా? నాలుగు రోజులు మానేసి చూడు. మనసు గట్టి చేసుకో. అతన్ని క్షమించేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నారు. చెల్లి మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయింది.

మానేసి చూడాలా? ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగవచ్చు, నిద్ర చెదరవచ్చు, తలలో కరెంటు కొట్టినట్లు ఉండవచ్చు. అందుకే డాక్టర్లు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. సలహా ఇచ్చినవాళ్లు ఇచ్చి వెళ్లిపోతారు. రాత్రంతా ఆమె పక్కన మేలుకుని కూర్చునేది మేము.

మనసు గట్టి చేసుకోవాలట! మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికివాళ్లనీ బ్రిటిష్ సైన్యం తన సైనికులనే నిలబెట్టి కాల్చింది. వాళ్లలో బాంబుల మోతకు మనసు చెదిరినవాళ్లూ ఉన్నారు. అలా చనిపోయిన 306 మందికి బ్రిటన్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది 2006లో. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత! వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు పోరాడితే తప్ప, 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి, ఘోరాలు అనుభవించినవాళ్ల మనసులో మిగిలిపోయే గాయానికి పెట్టిన పీటీఎస్‌డీ అనే పేరే ఎక్కలేదు. గాయపడ్డవాళ్లనే తప్పుపట్టడం అంత పాత అలవాటు.

అలాగని డాక్టర్లందరినీ వెనకేసుకురావడం లేదు. మేము మొదట కలిసిన డాక్టరు నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగి మందులు రాసేశారు. "నీకేం జరిగింది?" అన్న ఒక్క ప్రశ్న ఆయన నోట రాలేదు. పీటీఎస్‌డీకి జరిగినదాని మీదే పనిచేసే మాటల చికిత్సలు ఉన్నాయి, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాల మీద పనిచేసే ఈఎండీఆర్ ఉంది. వాటి ఊసే ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇంకొందరు ఉన్నారు, "అంతా బయటికి చెప్పేసుకో, భారం దిగిపోతుంది" అంటూ వెంటపడేవాళ్లు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించడం వల్ల మేలు జరగదని, అలా చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో చెల్లి ఇష్టం. ఇప్పుడు చూస్తున్న థెరపిస్టు ఆ ఇష్టాన్ని గౌరవించారు కాబట్టే ఆమె మళ్లీ నిద్రపోగలుగుతోంది. మాత్రలూ సాయపడ్డాయి. రెండూ కావాల్సి వచ్చాయి.

ఇక క్షమించడం సంగతి. ఇన్నేళ్లలో బంధువులైన మీలో ఒక్కరైనా అతని దగ్గరికి వెళ్లి "ఎందుకు చేశావు?" అని నిలదీశారా? మందులు మానమని, మరిచిపొమ్మని, క్షమించమని ఆమెకే చెప్పారు. అతన్ని మాత్రం ప్రతి శుభకార్యానికీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. రాబోయే పెళ్లికీ పిలిచారని తెలిసింది. మేము రావడం లేదు. ఎందుకు రాలేదని చెల్లిని ఎవరూ అడగవద్దు. నన్ను అడగండి, అతని ముందే చెబుతాను.