మరకానాలో గోల్ కొట్టిన పంజరం

2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్లో, బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో, 113వ నిమిషంలో, అర్జెంటీనాపై గోల్ కొట్టింది జర్మనీ ఆటగాడు మారియో గోట్జే అని ఇంకా నమ్ముతున్నారా? అమాయకులు. కొట్టింది, అతను సాధన చేసిన ఫుట్‌బోనాట్ అనే శిక్షణ యంత్రమట! పదేళ్లు దాటినా ఈ కథ చావదు.

ఒక్కో వైపు పద్నాలుగు మీటర్లుండే చదరపు పంజరం, చుట్టూ 72 గడులు. ఒక గడి కూత పెట్టి బంతిని విసురుతుంది, ఇంకోటి పచ్చగా వెలుగుతుంది. బంతిని అదుపు చేసి అందులోకి తన్నాలి. వేగం, గురి కంప్యూటర్ లెక్క కడుతుంది. గోట్జే ఆడుతున్న జర్మన్ క్లబ్బు బొరుస్సియా డోర్ట్‌మండ్ 2012లో దీన్ని పెట్టించుకుంది. 2013లో గోట్జే ఆ క్లబ్బునే వదిలేశాడు. ఏడాది తర్వాత, అట్లాంటిక్ అవతల గోల్ కొట్టించడం యంత్రానికే చెల్లింది.

అలాంటి మహానుభావుడికి మరకానాలో సరైన ఏర్పాట్లే లేవు. ఎడమ గీత వెంట దూసుకొచ్చిన సహచరుడు షూర్లే, బంతి పంపేముందు కూత పెట్టలేదు. అర్జెంటీనా డిఫెండర్ డెమికెలిస్ "తమరు ఛాతీతో దించుకోండి, నేనాగుతాను" అని వినయంగా తప్పుకోవాల్సింది. గోల్‌కీపర్ రొమేరో పచ్చదీపం పట్టుకుని, తాను ఆపలేని మూల చూపించాల్సింది. బహుమతుల వేళ పంజరాన్ని మెట్లెక్కించడానికి క్రేను రావాల్సింది. అప్పుడు అసలు తగువు మొదలయ్యేది: బంతులు విసిరే ఎనిమిది గడులు పతకం తమదేనని అలుగుతాయి, బంతులు మింగే 64 గడులు మెజారిటీ తమదంటాయి.

యంత్రం చెడ్డదని కాదు. చెప్పిన చోటికి తన్నడం అది చక్కగా నేర్పుతుంది. ఎక్కడికి తన్నాలో తేల్చుకోవడం మాత్రం దాని లెక్కలో లేదు. మీదపడే డిఫెండరూ లేడు.

గోట్జే డోర్ట్‌మండ్ అకాడమీలో చేరింది 2001లో, పసివాడిగా. పంజరం రాకముందు పదేళ్లకు పైగా వానలో, చలిలో నిలబడి అతనికి బంతి అందించిన, తప్పు తన్నితే ఆపి మళ్లీ తన్నించిన శిక్షకుల పేర్లు ఒక్కటి చెప్పండి. తెలియవు. నాకూ తెలియవు. ఎవరూ రాయలేదు కాబట్టి తెలియవు! యంత్రం పేరు మాత్రం అందరికీ కంఠస్థం. మనుషుల చాకిరీని ఇనుప చట్రం ఖాతాలో జమ వేయడానికి సిగ్గుండాలి.

జర్మనీలోనే హోఫెన్‌హైమ్ క్లబ్బుకూ ఇలాంటి పంజరం ఉంది. ఆ క్లబ్బు ఆటగాడు క్రమారిచ్ 2018 ఫైనల్లో క్రొయేషియా తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అతని నుంచి గోల్ రాలేదు, జట్టు 4-2తో ఓడింది. ఆ రోజు పంజరాన్ని ఎవరూ సంజాయిషీ అడగలేదు.