పదహారు జీబీ సంగతి తర్వాత, ముందు ఆ చార్జర్ తీసెయ్

రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటర్ బోర్డు, వాడుకలో "పై" అంటారు. దాని గురించి వారానికి ఒకరైనా అడుగుతారు. "అన్నా, రాస్ప్‌బెర్రీ పై 5 తీసుకుందామనుకుంటున్న. ఎనిమిది జీబీ ర్యామ్ చాలా, పదహారుకు పోవాల్నా?" నేను తిరిగి అడిగేది ఒక్కటే: దాంతో ఏం చేస్తవ్ తమ్మీ? జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే. "ముందైతే తీసుకుంట అన్నా, తర్వాత చూద్దాం."

ఆ తర్వాత అనేది రాదు. నల్లగొండలో సీసీ కెమెరాలు బిగించే పని నాది. రోజుకు మూడు నాలుగిళ్లు తిరుగుతాను. ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో టీవీ కింద సొరుగు లాగితే పాత రిమోట్లు, ఒక చెవి పనిచేసే ఇయర్‌ఫోన్లు, వాటి మధ్య ఒక పై బోర్డు కనిపిస్తుంది. కొన్ని ఇళ్లలో రెండు. మొదటిది ఎందుకు మూలకు పడింది అంటే "స్లో అయింది, హ్యాంగ్ అవుతుంది" అంటారు. రెండోది ఎందుకు అంటే "మెమరీ కార్డు పోయింది". ఇప్పుడు మూడోది కొంటారట, ఎక్కువ ర్యామ్‌తో. జ్వరం వచ్చిందని చొక్కా మార్చినట్టుంది వ్యవహారం.

పోయిన ఆదివారం అట్లాంటి తమ్ముడే ఒకడు షాపుకు వచ్చాడు. కొత్తది కొనే ముందు పాతది తెచ్చి చూపించు అన్నాను. పై 3 తెచ్చాడు. టీవీకి కలిపి ఆన్ చేయగానే తెర పైమూల పసుపు మెరుపు గుర్తు. "ఇదెప్పటినుంచి ఉంది?" అంటే "మొదటినుంచీ వస్తది అన్నా, డిజైన్ అనుకున్న" అన్నాడు. ఆ గుర్తు వచ్చిందంటే బోర్డుకు అందే కరెంటు 4.63 వోల్టుల కిందికి పడిపోయిందని అర్థం. మల్టీమీటర్ తీసి రెండో పిన్ను, ఆరో పిన్ను మధ్య పెట్టి చూపించాను. 4.52. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ (vcgencmd get_throttled) అని కొడితే చివర 50005 అని వచ్చింది. దాని అర్థం "ఇప్పుడు కూడా వోల్టేజీ చాలట్లేదు, అందుకే నా స్పీడు నేనే తగ్గించుకున్నాను, ఇంతకుముందు కూడా ఇదే జరిగింది" అని. పాపం, ఆ బోర్డు ఏళ్ల తరబడి అదే మొత్తుకుంటోంది. వీడు మాత్రం ర్యామ్ చాలట్లేదనుకున్నాడు.

దాని వెనకున్నది ఫోన్ చార్జర్, రెండు మీటర్ల సన్న కేబుల్. "ఇది 67 వాట్ల చార్జర్ అన్నా, ఇంకేం గావాలె?" అని వాడి వాదన. ఫాస్ట్ చార్జర్ ఆ వాట్లన్నీ వోల్టేజీ పెంచి ఇస్తుంది, అది కూడా తన జత ఫోన్ అడిగితేనే. పై బోర్డుకు కావలసింది 5 వోల్టులే. ఆ 5 దగ్గర ఆ చార్జర్ ఇచ్చేది రెండు మూడు ఆంప్స్. అందులోంచి సన్న వైరు దారిలో తన వాటా మింగేస్తుంది. పై కంపెనీ అడాప్టర్ మీద 5.1 అని ఎందుకు రాసి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ పాయింటు ఒకటి వైరు తినే వాటా. పై 3కి 2.5 ఆంప్స్, పై 4కి 3, పై 5కి 5. మూర పొడవు మందపాటి కేబుల్, సరైన అడాప్టర్ పెట్టి మళ్లీ మీటర్ పెట్టాను. 5.08. రీస్టార్ట్ చేస్తే 50005 పోయి సున్నా వచ్చింది.

"అంతేనా అన్నా?"

అంతే తమ్మీ. కొత్త బోర్డు డబ్బులు మిగిలినయ్.

పై 5లో అయితే ఈ కథ ఇంకో రకంగా నడుస్తుంది. మామూలు 3 ఆంప్స్ అడాప్టర్ పెడితే బోర్డు ఆన్ అవుతుంది, బాగానే నడుస్తుంది. కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంప్సే వదులుతుంది. 5 ఆంప్స్ అడాప్టర్ పెడితేనే 1600 దాకా ఇస్తుంది. హార్డ్ డిస్క్ పెట్టగానే టిక్కుటిక్కుమని ఆగిపోతుంటే డిస్క్ పోయిందని నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఉన్నారు. డిస్క్ బంగారంలా ఉంది.

మా పనిలో ఉన్నవాళ్లకు ఒక మాట. కెమెరాలకు వాడే 12 వోల్టుల పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) నుంచి చిన్న బక్ కన్వర్టర్‌తో 5కి దించి పై నడపొచ్చు, నేనూ నడుపుతాను. పక్కన 12 వోల్టుల బ్యాటరీ పెడితే కరెంటు పోయినా బోర్డుకు తెలియదు. కానీ ముందు మీటర్ పెట్టి, స్క్రూ తిప్పి 5.1కి తెచ్చాకే బోర్డుకు తగిలించాలి. కవర్లోంచి తీసి నేరుగా తగిలిస్తే పొగ తప్ప ఏం రాదు. ఆ వాసన నాకు తెలుసు. ఎల్‌ఎం2596 చిప్పున్న మాడ్యూల్ మీద 3 ఆంప్స్ అని రాసి ఉంటుంది కానీ, 2 దాటితే వేలు పెట్టలేం.

ఇక మెమరీ కార్డు. బోర్డు సాఫ్ట్‌వేర్ అంతా దాని మీదే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మా దగ్గర కరెంటు ఎన్నిసార్లు వచ్చి పోతుందో లెక్కుండదు. బోర్డు కార్డు మీద ఏదో రాస్తున్నప్పుడే కరెంటు పోతే రాత మధ్యలో ఆగిపోతుంది. అట్లా పదిసార్లు తప్పించుకున్నా పదకొండోసారి బూట్ కాదు. ఫోటోలు దాచుకునే మామూలు కార్డు ఇరవై నాలుగ్గంటలూ లాగ్ ఫైళ్లు (ఏం జరిగిందో నోట్ చేసుకునే ఫైళ్లు) రాయడానికి చేసింది కాదు. కెమెరాల కోసం అమ్మే ఎండ్యూరెన్స్ కార్డు కొంచెం ఖరీదు, కొంచెం నయం. అంతకంటే మంచిది, డబ్బులు లేకుండా అయ్యేది, ఒకటుంది. బోర్డు సెట్టింగులుండే రాస్పీ-కాన్ఫిగ్‌లోకి పోతే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని కనిపిస్తుంది. అది ఆన్ చేస్తే కార్డు మీద రాత బంద్, మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. ఎన్నిసార్లు ప్లగ్ పీకినా మళ్లీ అదే మొదటి రోజులా లేస్తుంది. సెట్టింగ్ ఏదైనా మార్చాలంటే దాన్ని ఆపి, మార్చి, మళ్లీ ఆన్ చేయాలి. బద్ధకస్తులకు అదొక్కటే కష్టం.

పై 4 ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్‌లోంచి తీసిన పాత ఎస్‌ఎస్‌డీకి యూఎస్‌బీ కేబుల్ తగిలించి దాన్నుంచే బూట్ చేసుకోవచ్చు. నిజమైన అప్‌గ్రేడ్ అంటే నా దృష్టిలో అదే, ర్యామ్ రెండింతలైనా అంత తేడా కనబడదు. నేను పెట్టిన రోజే వైఫై చచ్చిపోయింది, అది వేరే విషయం. రెండ్రోజులు రౌటర్‌ని తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుందని. డిస్క్‌ని మంచి కేబుల్‌తో దూరంగా జరిపితే సరిపోయింది.

వేడి గురించి వీడియోలు చూసి మోసపోకండి. "ఫ్యాన్ అక్కర్లేదు, 60 డిగ్రీలు దాటలేదు" అని చెప్పేవాడు ఇరవై డిగ్రీల గదిలో కూర్చుని చెప్తున్నాడు. మన దగ్గర మేలో బయట 44 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. అతని 60కి ఇంకో ఇరవై కలుపుకోండి, ఎనభై. సరిగ్గా అక్కడే బోర్డు స్పీడు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. అందమైన ప్లాస్టిక్ డబ్బాలో మూసిపెట్టారంటే అది బోర్డుకు కంబళి కప్పినట్టే. నావి మూత తీసేసి, హీట్‌సింక్ అంటించి, గోడకు నిలువుగా కొట్టి ఉంటాయి. చూడ్డానికి బాగుండవు.

నా మొదటి బోర్డు సంగతి చెప్పాలి. పై మొదట వచ్చింది 2012 ఫిబ్రవరి 29న, 35 డాలర్లకు, 256 ఎంబీ ర్యామ్‌తో. కేంబ్రిడ్జ్‌లో ఎబెన్ అప్టన్ వాళ్లు పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికని చేసిన వస్తువు. నేను మరుసటేడు డిప్లొమా చదువుతూ కోఠిలో కొన్నాను, 512 ఎంబీది, మోడల్ బి. వైఫై లేదు. పసుపు రంగు వీడియో సాకెట్ ఉంది, పాత డబ్బా టీవీకి కూడా కలిపేవాణ్ని. నాయన చూసి "సబ్బుబిళ్లంత లేదు, దీనికి మూడు వేలా?" అన్నాడు.

ఆ బోర్డు ఇవాళ్టికీ పనిలో ఉంది, మా ఊరి గుళ్లో. పొద్దున ఐదింటికి మైకులో మేలుకొలుపు పాటలు వేయడం దాని డ్యూటీ. పెట్టిన నెలకే నా పరువు తీసింది. ఒకరోజు రాత్రి పదకొండుంబావుకు కరెంటు పోయి, తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. పై 5కి ముందు వచ్చిన ఏ పైలోనూ గడియారం బ్యాటరీ లేదు. ఇంటర్నెట్ ఉంటే టైమ్ అక్కడ అడిగి తెలుసుకుంటుంది, లేకపోతే చివరిసారి రాసిపెట్టుకున్న టైమ్ నుంచి లెక్క మొదలుపెడుతుంది. గుళ్లో నెట్ లేదు. అంటే నాలుగింటికి లేచిన బోర్డుకు ఇంకా రాత్రి పదకొండుంబావే. దాని లెక్కలో ఐదయ్యేసరికి ఊళ్లో పదికి పావుగంట తక్కువ. నేను గడియారం సెంటర్‌లో స్తంభం ఎక్కి ఉన్నప్పుడు అయ్యగారి ఫోన్. "ఏం బిడ్డా, మన స్వామి రాత్రి డ్యూటీ గిట్ట చేసిండా? ఇప్పుడు లేపుతున్నవ్!" వెనక మైకు మోగుతూనే ఉంది.

డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూల్, గుండీ సెల్లుతో సహా రెండు వందల లోపే. నాలుగు వైర్లు. ఆ రోజు నుంచి స్వామి ఐదింటికే లేస్తున్నాడు. పదమూడేళ్లకు దగ్గరపడ్డ బోర్డుకు నేను చేసిన అప్‌గ్రేడ్లు: ఒక అడాప్టర్, ఒక గడియారం, ఓవర్‌లే. ఇప్పటి పదహారు జీబీ పై 5 ఆ పని ఇంతకంటే బాగా చేస్తుందా?

అట్లాగని అన్ని పనులకూ పై కొనమని నేను చెప్పను. వాటర్ ట్యాంకు నిండిందా లేదా చూడటానికి, మోటార్ బంద్ చేయడానికి ఐదు వేల కంప్యూటర్ ఎందుకు? నాలుగైదు వందల ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు చాలు, దానికి కార్డూ లేదు, బూట్ అయ్యేదాకా ఆగేదీ లేదు. నేను కూడా మొదట ట్యాంకు మీద పైనే పెట్టాను. నీళ్ల మట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ వెనక్కి పంపేది 5 వోల్టులు, పై పిన్ను తట్టుకునేది 3.3. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టాలని చదివేలోపే ఆ పిన్ను పోయింది. అటువైపు సినిమాల సర్వర్, ఆఫీస్ పని, ఇంట్లో వాడుకునే కంప్యూటర్ కావాలంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఆఫీసుల్లోంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ మినీ పీసీలు చూడండి. పై 5కి అడాప్టర్, కూలర్, డబ్బా, ఎస్‌ఎస్‌డీ, దాన్ని తగిలించడానికి హ్యాట్ అనే ఇంకో చిన్న బోర్డు అన్నీ కలిపితే బిల్లు అక్కడికే పోతుంది. పైగా మెమరీ చిప్‌లు ప్రియమై 2025 చివర్లో పైల ధరలు కూడా పెంచారు. నాలుగు కెమెరాల రికార్డింగ్ పైలో పెడతానన్న కస్టమర్‌కు నేనే వద్దని డీవీఆర్ అమ్మాను. ఇందులో నా స్వార్థం కొంచెం ఉంది, ఒప్పుకుంటా.

కాలేజీ ప్రాజెక్టుల మీద కూడా నాకొక మంట ఉంది. నల్లగొండ కాబట్టి ఏటా ఒక బ్యాచ్ "పైతో ఫ్లోరైడ్ గుర్తింపు" అని వస్తుంది. డబ్బా విప్పితే లోపల టీడీఎస్ సెన్సార్! నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన ఉప్పులన్నిటికీ కలిపి ఒక అంకె చెప్పడం దాని పని. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5. టీడీఎస్ వందల్లో ఉండే బోరు నీళ్లలో ఆ ఒక్క మిల్లీగ్రాము ఏ మూల దాక్కుంటుందో ఎట్లా కనబడుతుంది? దానికి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ వేరే ఉంటుంది, లేదా రంగు మారే రసాయనంతో ల్యాబ్‌లో చూస్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటుంది. ఆ ఊళ్లో ఉండి ఈ పని చేయడం నాకు నామోషీగా ఉంటుంది. ఇంకో తమాషా, ఆ సెన్సార్‌ని నేరుగా పై బోర్డుకు కలిపారు. ఆ బోర్డుకు ఎక్కువ తక్కువ వోల్టేజీని కొలిచే అనలాగ్ పిన్నులే లేవు, మధ్యలో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ చిప్ ఉండాలి. మరి స్క్రీన్ మీద అంకెలు ఎట్లా మారుతున్నాయి బాబూ అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ర్యాండమ్ ఫంక్షన్ పెట్టారట.

పాత పై 3తో చేయదగ్గవి లేవా? మా ఇంట్లో ఒకటి పై-హోల్ అనే యాడ్లు ఆపే సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. అమ్మ ఫోన్‌లో వార్తలు చదువుతుంటే మీదపడే యాడ్లు చాలావరకు పోయాయి. యూట్యూబ్ యాడ్లు దాంతో పోవు, ఆ ఆశతో పెట్టకండి. ఇంకొకటి నెట్ సరిగా రాని ఊళ్లో తెలిసిన సారు బడిలో ఉంది. నెట్ లేకుండా చదివించే కివిక్స్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వికీపీడియా మొత్తం ఒక ఫైలుగా దొరుకుతుంది. పై తన వైఫై తనే ఇస్తుంది, పిల్లలు నెట్ లేకుండానే చదువుతున్నారు. మొదటి వారం అందరూ వాళ్ల ఊరి పేరే వెతికారట.

ఆదివారం వచ్చిన తమ్ముడికి మాత్రం విమానాలు నచ్చాయి. టీవీ చూడటానికని తయారైన ఆర్‌టీఎల్ చిప్ డాంగిల్ (రేడియో సిగ్నళ్లు పట్టే యూఎస్‌బీ ముక్క) ఒకటి నా దగ్గర ఉంటే ఇచ్చాను. విమానాలు తామెక్కడున్నాయో 1090 మెగాహెర్ట్జ్ మీద అందరికీ వినపడేలా చెప్పుకుంటూ పోతాయి. ఆ తరంగంలో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు, రాగి తీగ అంత కొలిచి కత్తిరించి, వాళ్ల మేడ మీద ట్యాంకు పక్కన నిలబెట్టాం. శంషాబాద్‌లో దిగేవి, లేచేవి, మన మీదుగా బెజవాడ వైపు పోయేవి మ్యాప్ మీద ఒక్కొక్కటే మొలిచాయి. ఫ్లైట్ నంబరు, ఎత్తు, స్పీడు. వాళ్ల నాన్నమ్మ పైకొచ్చి ఆకాశం చూసి, ఫోన్ చూసి, "గీ డబ్బకెట్ల ఎరుకైందిరా?" అంది. మూడేళ్లు సొరుగులో పడి ఉన్న బోర్డు అది.

నిన్న రాత్రి వాడి నుంచి మెసేజ్. యాంటెనా ఇంకా ఎత్తుగా పెడితే ఎంత దూరం వస్తుంది అని. పదహారు జీబీ మాట ఎత్తలేదు.

ఎవరి దగ్గరైనా మూలకు పడేసిన బోర్డుంటే ఆదివారం పొద్దున షాపుకు తెండి, డబ్బులేం వద్దు. వచ్చేటప్పుడు మీరు వాడిన చార్జర్, కేబుల్ కూడా తప్పకుండా తెండి. నేను మీటర్ పెట్టేది ముందు వాటి మీదే.